రోజుకో తూకం

"ఆ చెక్క ఊడబీకి పారెయ్" అంది నగ్మా.

ఇషాక్ తలెత్తాడు. గడ్డం నిండా ఫైబర్ దుమ్ము. ఆత్మకూరు బైపాస్ పక్కన రేకుల షెడ్డు అతనిది. పగిలిన నీళ్ల ట్యాంకులు, ఆటోల ముందు భాగాలు అతుకుతాడు. ఉదయగిరి నుంచి చెక్క గరిటెలు వేసుకుని నెల్లూరు పోతున్న బర్కతుల్లా ఆటో ముందు భాగం పగిలి అక్కడ ఆగింది. ఆయన కూతురు నగ్మా దిగింది. నేరుగా మూలనున్న పడవ దగ్గరికి పోయింది.

"పొద్దున్నే పెట్టినా దాన్ని. కొత్త చెక్క" అన్నాడు ఇషాక్.

"కొత్తదే. పచ్చిది కూడా."

"గరిటెలు చెక్కేవాళ్లకు పడవల సంగతి కూడా తెలుసా?"

"చెక్క సంగతి తెలుసు. పాతది ఎందుకు పుచ్చిందో నీకు తెలుసా?"

ఫైబర్ పుచ్చదు. వెనక ఇంజిన్ బిగించడానికి ఫైబర్ పొరల మధ్య పెట్టిన చెక్క పుచ్చుతుంది. సోమశిల జలాశయం ఒడ్డున ఐదేళ్లు పడి ఉన్న పడవను అతను తుక్కు కింద కొన్నాడు. ఊరంతా నవ్వింది. నవ్విన వాళ్ల ముందే దాన్ని నీళ్లలోకి దించాలని అతని పంతం.

"నోరు మూసుకోవే. మనకెందుకు?" అన్నాడు బర్కతుల్లా.

ఆమె మూసుకోలేదు. "డ్రిల్లు పెట్టి చూడు."

పెట్టాడు. రాలిన పొట్టును ఆమె గుప్పిట పట్టి పిసికింది. చెయ్యి తెరిచింది. పొట్టు సున్నుండలా ఉండ కట్టి ఉంది.

"ఎండితే పొడిగా రాలిపోవాల. దీనిమీద ఫైబర్ మూసేస్తే తడి బయటికి పోదు. రెండేళ్లకు మళ్లీ పుచ్చుతాది."

ఇషాక్ మొహం కందగడ్డ అయింది. "మరెట్టా?"

"నీడలో ఆరబెట్టు. ఒక ముక్క కోసి రోజూ తూకం వెయ్యి. వారం రోజులు బరువు దిగకపోతే ఎండినట్టు. మేమట్టే చేస్తాం."

"ఎండిందో లేదో నాకెవరు చెప్తారు?"

ఆమె ఫోన్ నంబరు చెప్పింది. బర్కతుల్లా ఆటో కింద వంగి ఏదో చూస్తున్నాడు.

మరుసటి రోజు నుంచి సాయంత్రం ఐదు కాగానే ఇషాక్ ఫోన్ చేసేవాడు.

"ఎంతుండాది?"

"తొమ్మిది వందల ఇరవై గ్రాములు."

"సరే."

పది రోజులకు 'సరే' తరువాత 'తిన్నావా' వచ్చింది. నెలకు తూకం ఒక నిమిషం, మిగతా మాటలు గంట. షెడ్డు రేకుల మీద వాన పడితే ఆమె ఉదయగిరిలో ఉండి వినేది.

రెండు నెలలు దాటాయి.

"ఐదు వందల అరవై" అన్నాడు ఇషాక్ ఒక రోజు.

"ఇంకో నెల పోతే నీ చెక్క గాలికి ఎగిరిపోతాది."

ఎండిన చెక్క అంత తేలిగ్గా ఉండదని ఆమెకు తెలుసు.

"ఎన్నాళ్ల నుంచి దిగలేదు?"

"పన్నెండు రోజులు."

"మరెందుకు అబద్ధం చెప్పినావు?"

"బరువు దిగడం ఆగితే నీతో మాటలూ ఆగుతాయని."

ఫోన్‌లో అవతల ఆమె ఉలి చప్పుడు ఆగింది.

"రేపు చెక్క బిగించు. ఎల్లుండి నుంచి తూకం లేకుండానే ఫోన్ చెయ్యి."

సంగతి బర్కతుల్లాకు తెలిసింది.

"పుచ్చు పడవోడికి పిల్లనిస్తానా? ఆదివారం కలిగిరి వాళ్లొస్తారు. మంచి సంబంధం. పెళ్లయినాక ఉలి పట్టకూడదన్నారు, అంతే."

"అయితే రావద్దని చెప్పు నాయనా."

"రేపు ఆ పడవ మునిగితే?"

"దాంట్లో చెక్క నేను చెప్పిన రోజున బిగించింది. పడవను నమ్మనంటే నా పనిని నమ్మనన్నట్టే. గట్టిగా చెప్పు, వింటా."

ఆయన చెప్పలేకపోయాడు. కలిగిరి వాళ్లను రావద్దని కూడా చెప్పలేదు.

ఆదివారం పొద్దున నగ్మా ఇంట్లో లేదు. పడవను దించేది ఆ రోజేనని తెలిసి బర్కతుల్లా ఆటో తీసుకుని సోమశిల పోయాడు. ఒడ్డున పదిమంది నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. పడవ నీళ్లలో ఉంది. లైఫ్ జాకెట్ వేసుకుని నగ్మా అందులో కూర్చుని ఉంది.

"దిగు."

"దిగను."

"నీకు ఈత వచ్చా?"

"రాదు."

ఆయన ఇషాక్ వైపు తిరిగాడు. "నువ్వన్నా చెప్పరా."

"చెప్పినాను చాచా, వినలేదు. మీరొచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చెయ్యనని మాత్రం చెప్పినాను."

బర్కతుల్లా చెప్పులు విడిచి, లుంగీ ఎగ్గట్టి పడవెక్కాడు. ఇషాక్ ఆయనకూ ఒక జాకెట్ ఇచ్చాడు.

ఇంజిన్ గర్జించింది. ఒడ్డున నవ్వులు వెనకబడ్డాయి. నడిమధ్యకు పోయినా వెనక చెక్క కదల్లేదు. పడవ అడుగున చుక్క తడి లేదు.

బర్కతుల్లా జేబులో ఫోన్ మోగింది. కలిగిరి వాళ్లు.

"రావద్దండి" అన్నాడు ఆయన. "పిల్లా? సోమశిల నీళ్ల మీద ఉండాది. నేనూ ఆడే ఉండా."

ఫోన్ పెట్టేసి, కూతురి వైపు చూడకుండా ఇషాక్‌ను అడిగాడు.

"మీ అమ్మ ఏ రోజు ఇంట్లో ఉంటాదిరా?"

"నన్నడగవా నాయనా?" అంది నగ్మా.

"నిన్నడిగేదేముంది? నాకన్నా ముందే ఎక్కి కూర్చున్నావు."