గోడ మీదుగా వంగిన పూలు

"ఆ మబ్బు వాలకం నాకేం నచ్చలేదు. వడగళ్ళు పడ్డాయంటే మన పంట నేలపాలే," అంది అమ్మ.

ఆ మబ్బు అరచేయంత ఉంది. అదీ కొండకి అవతల. ఒరియాన్ నవ్వు ఆపుకుంటూ కొడవలి అందుకుంది.

పొద్దున్నుంచి అమ్మకి మబ్బు భయం, తేనెటీగల భయం, ట్రాక్టర్ బ్రేకుల భయం. గంటకోసారి "ఏమైనా అయిందా?" అని కేకేస్తుంది. ఒరియాన్, ఆమె అన్నయ్య బాజిల్ తలెత్తకుండానే "ఏం కాలేదమ్మా" అంటారు. ఆ ఇంట్లో అది ఊపిరి పీల్చినంత అలవాటు.

ఈ రోజు మాత్రం అమ్మ భయంలో అర్థం ఉంది. మూడేళ్ళుగా తమ ఊదాపూల లావెండర్ చేనుకి పురుగుమందు కొట్టలేదు. గొర్రెల ఎరువు వేశారు. కలుపంతా చేత్తోనే పీకారు. ఒరియాన్ వేళ్ళ మీద ఇంకా కాయలున్నాయి. ఇన్నాళ్ళకి సేంద్రియ పంట అని సర్టిఫికెట్ వచ్చింది. నాలుగింటికి, పూలనుంచి తైలం తీసే ఊరి బట్టీలో వాళ్ళ వంతు. ఈసారి దిగే తైలం మంచిదని తేలితే సబ్బులు చేసే ఆవిడ రెట్టింపు ధరకి కొంటానంది.

"మిషను అందని గోడవార సాలు నీది," అంది అమ్మ. "ఒక్క సంచి చాలు. వేలు తెగుతుంది, నెమ్మది."

"ఒక్క సంచా? క్రిస్మస్ దాకా కోస్తుంది," అన్నాడు బాజిల్.

"నువ్వు ట్రైలర్ కట్టేలోపు నింపేస్తా, చూడు."

ఒరియాన్ కోత బాగానే వచ్చు. గుప్పెడు కాడలు పట్టుకోవాలి, తేనెటీగల్ని దులపాలి, కొడవలి లాగాలి. కానీ కాడలు జానెడే. సంచి సగం నిండేసరికి ట్రాక్టర్ చప్పుడు మొదలైంది. "నత్తా, రా!" అని బాజిల్ అరుస్తున్నాడు.

రాతిగోడ అవతల పక్కవాళ్ళ చేను. అక్కడి మొక్కలు గోడ మీదుగా ఇటు వంగి ఉన్నాయి. పొడుగు కాడలు, బొటనవేలంత లావు పూలు. 'మా వైపు వంగాయంటే మావే. ఇవీ ఊదాపూలేగా' అనుకుంది ఒరియాన్. పది గుప్పెళ్ళతో సంచి నిండిపోయింది.

బట్టీ దగ్గర, దాన్ని నడిపే గాస్పార్ గారు పెద్ద ఇనుప తొట్టిలో నిలబడి పూలని కాళ్ళతో తొక్కుతున్నారు. అన్నిటికన్నా చివర, అన్నిటికన్నా పైన ఒరియాన్ సంచి పడింది.

"మా అమ్మాయి కోసింది," అంది అమ్మ గర్వంగా. ఆ వెంటనే గొంతు తగ్గించింది. "గాస్పార్ గారూ, తొట్టి బాగా కడిగారా? ఇందాకటివాళ్ళ పూలు అడుగున ఉండిపోలేదు కదా?"

"మూడుసార్లు కడిగానమ్మా. నాకూ భయమే." ఆయన నిచ్చెన దిగి చెమట తుడుచుకున్నారు. "మీ పక్క చేలో ఉందే, పొడుగు కాడల సంకర రకం, దానికి తైలం ఎక్కువే గానీ కర్పూరం వాసన. పైగా వాళ్ళు మందు కొడతారు. పోయినేడు ఒకాయన పొరపాటున ఓ మోపు కలిపాడు. ల్యాబ్‌లో పట్టేశారు. తొట్టెడు సరుకూ చవగ్గా పోయింది."

"మా దాంట్లో ఆ భయం లేదులెండి," అంది అమ్మ. ఆ రోజు ఆవిడ భయం లేదన్న మాట అదొక్కటే.

ఒరియాన్ అరచేతులు వాసన చూసుకుంది. కర్పూరం. వెంటనే చేతులు వెనక్కి పెట్టుకుంది.

పది గుప్పెళ్ళే కదా. ఎవరికి తెలుస్తుంది? వెనక ఇంకో రెండు ట్రాక్టర్లు వంతు కోసం ఆగి ఉన్నాయి. ఇప్పుడు చెబితే అందరూ తన వైపే చూస్తారు. బాజిల్ ఏడాదంతా ఏడిపిస్తాడు. వెనక్కి పెట్టుకున్న చేతుల్లో కాయలు ఒకదానికొకటి తగిలాయి. మూడేళ్ళు కలుపు పీకిన గుర్తులు.

గాస్పార్ గారు గొలుసు లాగారు. ఇనుప మూత కిర్రుమంటూ దిగుతోంది. అది పడగానే ఆవిరి వదిలేస్తారు.

ఒరియాన్ నిచ్చెన ఎక్కేసింది. "ఆపండి," అంది.

గొలుసు ఆగింది.

"జారిపడతావే! ఏమైంది? ఏమైనా అయిందా?" అమ్మ పరుగెత్తుకొచ్చి నిచ్చెన పట్టుకుంది.

రోజూ చెప్పే జవాబు ఒరియాన్ నాలుక చివరే ఉంది. దాన్ని మింగేసింది. వెనక ట్రాక్టర్లవాళ్ళు ఇంజన్లు ఆపేశారు. పూలలో ఇరుక్కున్న తేనెటీగ ఒకటి జుమ్మంటోంది. అమ్మ నిచ్చెన వదల్లేదు. తల పైకెత్తి అలా చూస్తూ నిలబడింది.

"అయిందమ్మా," అంది ఒరియాన్, తొట్టిలోకి ఒక కాలు వేస్తూ. "గోడ అవతలి పూలు కోశాను. పైనే ఉన్నాయి. ఒక్కటి కూడా మిగలకుండా నేనే ఏరతాను."