తెల్లావు తట్టలో తరుగు

ఉష నాతో అన్న మొదటి మాట, "పేడ మీద నుంచి కాలు తీయండి."

ముత్తుకూరు పక్కనున్న మా ఊరికి పశువైద్య కాలేజీ నుంచి వచ్చింది. పచ్చగడ్డిని గోతిలో తొక్కి, గాలి చొరకుండా కప్పి నేను తయారుచేసిన సైలేజీని మా మూడు గేదెలూ, తెల్లావూ ఎంతవరకు అరిగించుకుంటున్నాయో ఏడు రోజులు కొలవాలి. తిన్న గడ్డినీ, ఒక్కో పశువు పేడను ఒక్కో తట్టకెత్తి దాన్నంతటినీ తూచి, రెండింట్లో పీచు ఎంతుందో ల్యాబ్‌లో తేలుస్తారు. లోపలికెళ్లి బయటికి రాని పీచు అరిగినట్టు లెక్క. నూటికి అరవై పాళ్లు అరిగితే పాల సంఘం వేసవికి నా గడ్డి తీసుకుంటుంది. లేదంటే, "పెంచల్‌గాడు గడ్డికి ఊరగాయ పెట్టినాడు" అని రెండేళ్లుగా నవ్వుతున్న ఊరిదే గెలుపు.

"అందరూ సాఫ్ట్‌వేర్‌కి పోతుంటే మీరు పేడకొచ్చినారేంది?" అన్నాను.

"పేడ అబద్ధం చెప్పదండీ. మనుషులతోనే కష్టం."

అక్కడే పడిపోయాను. నాలుగోరోజు వాన పట్టుకుంటే ఆమె గొడుగు తనకు కాకుండా శాంపిల్ సంచులకు పట్టింది. తడిసిన ఆ ముఖం చూస్తూ నేను కాటాను మూడుసార్లు తప్పు చదివాను.

పది రోజుల తర్వాత ఫోన్ చేసింది.

"గేదెలకి అరవై ఒకటి. ఆవుకి డెబ్బై రెండు."

"సూపర్ కదండీ."

"పీచు అరిగించుకోవడంలో ఆవు గేదెని ఇంత దాటదు. తట్టలో పేడ తగ్గింది. మీ గడ్డి గొప్పగా కనపడాలని తీసేసినారా? టెస్టు మొత్తం క్యాన్సిల్, పెంచల్‌గారూ."

ఒళ్లు మండిపోయింది. అంతకన్నా ఎక్కువగా మనసు నొచ్చింది.

మర్నాడు తెల్లారి దొడ్లోకి వెళ్తే మా అమ్మ ధనలక్ష్మి తెల్లావు వెనక వంగి బకెట్ నింపుకుంటోంది.

"అమ్మా, తూకం వేసిన వారం కూడా ఇట్టే తీసినావా?"

"తీయకపోతే ఎట్టరా? గేదె పేడతో కళ్లాపి చల్లితే నలుగురూ ఏమంటారు? మన వాకిలికీ, పక్కింటి పేరమ్మ వాకిలికీ రోజూ ఇదే గదా."

"నాకు చెప్పొద్దా?"

"పేడెత్తుకున్నానని గూడా చెప్పాల్నా?"

అమ్మను బండెక్కించుకుని నేరుగా ల్యాబ్‌కు పోయాను. నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. "దొంగని నేనేలే తల్లీ. వాణ్ణి ఏం అనబాక."

అంతా విన్నాక ఉష తల దించుకుంది. "సారీ. అలా అనకుండా ఉండాల్సింది."

"సారీ వద్దండీ. మొదట్నుంచి మళ్లీ కొలవండి. యాభై వచ్చినా సరే, అదే రాయండి."

ఆమె తలెత్తి నా వైపు చూసింది. "సరే. ఈసారి తట్టలకి కాపలా మీరేనమ్మా," అంది మా అమ్మతో.

ఆ వారమంతా అమ్మ పీట వేసుకుని దొడ్లోనే కూర్చుంది. బకెట్‌తో వచ్చిన పేరమ్మను తడిక దగ్గరే ఆపేసింది.

ఫలితం చదవడానికి పాల సంఘానికి ఉషే వచ్చింది. ఊరు సగం అక్కడే ఉంది.

"గేదెలకి సగటున అరవై రెండు. ఆవుకి అరవై."

సంఘం ప్రెసిడెంట్ చిన్నపోలయ్య లేచి నిలబడ్డాడు. ఊరగాయ జోకు మొదలుపెట్టింది ఆయనే. "గోతిలో ఉండేదంతా మాకేనబ్బయా. వేరేవాళ్లకి మాటియ్యబాక," అన్నాడు. నిన్నటిదాకా నవ్విన రైతులు, గొయ్యి ఎంత లోతు తవ్వాలంటూ నా చుట్టూ మూగారు. రెండేళ్లలో నేను అంత హాయిగా నవ్వింది లేదు.

జనంలోంచి బయటపడి ఆమెను అందుకున్నాను. "ఉషగారూ, గడ్డి పాసైంది. మరి నేను?"

"మీ రిజల్ట్ మా నాన్నకి ఎప్పుడో చెప్పేసినాను. ఆదివారం నాయుడుపేటలో మా ఇంటికి రమ్మన్నాడు."

"ఎప్పుడు చెప్పినారు?"

"యాభై వచ్చినా అదే రాయమన్నారే, ఆ రోజు."

వెనక మా అమ్మ అప్పుడే చిన్నపోలయ్యను అడుగుతోంది: "ఆదివారం సంఘం వ్యాను ఖాళీయేనా అన్నా?"

ఉష నవ్వి, ఊరంతా చూస్తుండగానే నా చెయ్యి పట్టుకుంది.