పిట్ట ముట్టని బువ్వ

గండిమైసమ్మ తల్లి మీద ఒట్టేసి చెప్తున్న, గీ ముచ్చట మీరు నమ్మనే నమ్మరు. నమ్మినోడుంటే నా మీసం సగం గీకిస్త.

మేడ్చల్ల సిద్దిరాములుకు కంప్యూటర్ల దుకాణముంది. వాని గప్పాలింటే షామీర్‌పేట చెరువుల శాపలు గూడ నవ్వి ఒడ్డుకు దుంకుతయ్. "నేను చెయ్యి వెడితే సచ్చిన మిషిని లేసి కూసుంటది" అంటడు. గా మాటనే వాని మెడకు సుట్టుకున్నది.

అలియాబాద్‌ల లింగం తాత పోయిండు. చెరువుల వలేసి బతికిన మనిషి. ఆ రోజు పిట్టకు పెట్టే దినం. ఎర్రటి ఎండ. గోడ మీద ఇస్తారాకుల బువ్వ, శాపల కూర, పక్కన కల్లు, బీడీలు పెట్టి అందరు దూరం జరిగిన్రు. కాకి రాలే. పిట్ట ముట్టలేదంటే పోయినోని మనసుల ఏదో కొరత ఉన్నట్టే గద! తాత పెండ్లాం శంకరమ్మ కొంగు నోట్లె కుక్కుకున్నది.

"తాత మాట రికార్డు చేసింది నా కంప్యూటర్ల ఉంది అవ్వా," అన్నది మనుమరాలు దీప. "వినిపిస్త. తన గొంతు తనే ఇంటే వస్తడేమో."

గా కంప్యూటర్ల పొద్దుగాల్నే సిద్దిరాములు కొత్త వైఫై కార్డు బిగించిండు. సూరత్‌ల ఉన్న తాత బిడ్డ రాలేకపాయె, వీడియోల చూస్తదని. బీరువాలంత స్పీకర్లు గూడ వాడే తెచ్చిండు.

దీప నొక్కింది.

"శం... శం... రీ... బు... బు..."

తెగి తెగి వస్తాంది. నీళ్లల్ల మునిగేటోడు నడుమ నడుమ తలెత్తి పిలిచినట్టు.

"ఏమాయె సిద్దన్నా, సచ్చిన మిషిని లేపుతనంటివి?" వాడకట్టోడు ఒకడు ఎక్కిరించిండు.

సిద్దిరాములు వైర్లు మార్చిండు. స్పీకరు మీద చరిచిండు. నాకు తెల్వదు అననీకె నోరు రాలే.

"మిషిని మంచిగనే ఉంది," అన్నడు. "తాతకే మాట్లాడ బుద్ధయితలేదు. ఎవరి మీదనో కోపమున్నది."

అంతే. శంకరమ్మ గోడ కింద కూలవడ్డది. "నా మీదనే... ఆఖరి దినం బువ్వ అడిగితే కసురుకున్న. తప్పయిందయ్యా!" అని అందరి ముంగట లెంపలేసుకున్నది.

సిద్దిరాములుకు తలకాయ యాడ పెట్టుకోవాల్నో తెల్వలే. తెర దిక్కు చూసిండు. సూరత్ బిడ్డ బొమ్మ కదిలినప్పుడల్ల తాత గొంతు తెగుతాంది. నెట్టు నడిచినప్పుడల్ల కొత్త కార్డు మాటకు అడ్డం పడుతాంది. కోపం లేదు, పాడు లేదు. తప్పు వాడు బిగించిన కార్డుది.

చెప్పొచ్చు. ఒక్క మాట. చెప్పలే.

మిషిని బందు చేసి, కార్డు పీకి అంగీ జేబుల ఏసుకున్నడు. మళ్ల నడిపిచ్చిండు. సూరత్ బొమ్మ పోయింది. గొంతు సాఫ్‌గ వచ్చింది.

"శంకరీ, బువ్వ తిన్నవా?"

వాకిలంత ఏడ్సింది. "సిద్దన్న మొనగాడు!" అన్నరు. ఆ మాట వానికి చెప్పుదెబ్బ లెక్క తాకింది.

పిట్ట మాత్రం రాలే.

అప్పుడొచ్చింది వాసన... కూర వాసన గాదు. చెరువు బురద. స్పీకర్ల నీళ్లు కదిలిన చప్పుడు... సన్నగ...

"సిద్దిరాములూ... చెప్పవారా?"

వాడు దీప చెవుల గుసగుసలాడిండు. "తాత మాట ఇంకుందా?"

"ఎప్పుడో అయిపాయె గదన్నా. స్పీకర్లు గూడ బందు చేసిన."

సిద్దిరాములు రొమ్ముకు సల్లగ తాకింది. జేబు తడిసింది. తీసి చూసిండు... కార్డు నుంచి నీళ్లు కారుతున్నయ్. దానికి అంటుకోని ఒక శాప పొలుసు.

అప్పుడన్న చెప్పిండా? లేదు. బండెక్కి ఉరికిండు.

శంకరమ్మ ఇప్పటికీ గోడ మీద బువ్వ పెడ్తది, లెంపలేసుకుంటది. ఏ పిట్ట ముట్టదు. కార్డేమో సిద్దిరాములు దుకాణంల గిన్నెల ఉంది. పొద్దుగాల నీళ్లు పారబోస్తడు, మాపటికి మళ్ల నిండుతది. వాడిప్పుడు గప్పాలు కొడ్తలేడు.

నవ్వుతున్నరా? నవ్వున్రి. దమ్ముంటే ఆ కార్డు తీస్కపోయి మీ కంప్యూటర్ల బిగించున్రి. మీ పేరు వెట్టి పిలిచి, మీరు దాచిన మాట అడగకపోతే... అప్పుడొచ్చి నన్ను అబద్ధాలకోరనున్రి.