అదే వాన, నాలుగోసారి

పొద్దున షిఫ్టులో రత్నమాల అప్పటికే రెండు కలయికలు ముగించింది. ఒక లిఫ్టును అంతస్తుల మధ్య కాసేపు ఆపి, మాటల్లేని ఇద్దరు పాత స్నేహితులను పలకరించుకునేలా చేసింది. ఒక బ్రహ్మచారి లెక్చరరు పార్సెలును పక్కింటి నర్సు గుమ్మంలో దింపించింది. ఇక వాళ్ల అదృష్టం వాళ్లది. విశాఖలో అమ్మే ప్రతి చెప్పు వారులోనూ, గొడుగు పుల్లలోనూ, తలుపు గొళ్లెంలోనూ ఒక సడలుముడి ఉంటుంది. దాన్ని ఎప్పుడు వదలాలో, ఏ మబ్బును ఎక్కడ కురిపించాలో, అడిగినవాళ్లకు కలయికలు అల్లిపెట్టే యాదృచ్ఛిక శాఖ మగ్గాలకు తెలుసు. కలయిక కోరినవాడికి తప్ప అవతలి మనిషికి సంగతి తెలియదు. పాపం, వాళ్లు దైవికం అనుకుంటారు.

శాఖకు ఒకటే కట్టుబాటు: కలయిక వెనక తమ చేతి నీడ కనబడకూడదు. అందుకే ఉద్యోగులు ఇంట్లో కూడా నిజం చెప్పరు. భర్త సుధీంద్ర దృష్టిలో రత్నమాల నీటిశాఖలో కుళాయిలు చూసుకునే మనిషి.

మూడో కోరికను మగ్గం మీదికి తెచ్చి, జరగబోయేది ముందే చూపే మునుజూపు నడిపించింది. మొహాల్లేని రెండు బొమ్మలు తెర మీద కదిలాయి. సిరిపురం బస్టాపు, సాయంత్రం, సన్నని వాన. ఆడబొమ్మ చెప్పు తెగింది. మగబొమ్మ ఆగి, తన చెప్పులు రెండూ విప్పి చేత్తో పట్టుకుంది.

"ఒక కాలికి చెప్పు లేకపోతే కుంటు. రెండు కాళ్లకీ లేకపోతే భక్తి. రండి, ఇద్దరం భక్తులమైపోదాం."

రత్నమాల చేయి మగ్గం మీద ఆగిపోయింది.

పెళ్లికి ముందు ఇదే బస్టాపులో, ఇదే మాటకు ఆమె పడిపోయింది. వట్టికాళ్లతో నవ్వుకుంటూ సుధీంద్ర పక్కన నడిచింది. తర్వాత ఈ ఉద్యోగంలో చేరి, ఊళ్లో సగం ప్రేమలు చేత్తో అల్లినవేనని తెలుసుకున్నా, తనది మాత్రం పైనుంచి రాలిన వానేనని గర్వపడింది.

"అప్పా, ఈ అల్లిక ఎవరిది?" అని పక్క మగ్గం మీదున్న పైడితల్లిని అడిగింది. ఆ గదిలో అందరికన్నా పాత మనిషి, అందరికీ అక్క ఆమే.

"ఓలమ్మ, ఇదా! పాతదే అల్లండి అనీసి అడిగే గిరాకీ ఒకడున్నాడు. కొత్తది సెప్పడానికి కూడా బద్ధకం ఆడికి. ఇది నాలుగోసారి. రెండోది నానే అల్లినాను. ఆ పిల్ల ఆడ్ని పెళ్లి కూడా సేసుకున్నాదట."

"మిగతావాళ్లో?"

"కొన్నాళ్లు తిప్పుకున్నాడు, వదిలీసినాడు. ఏటే, మొకం అలా పాలిపోనాది?"

"ఏం లేదప్పా. ఆ రెండో పిల్లను నేనే."

పైడితల్లి తన మగ్గం వదిలి ఆమె పక్కకు వచ్చింది. "తిప్పి పంపీ తల్లీ, ఆ కోరిక," అంది.

"పంపితే ఇంకొకరి మగ్గం మీదికి పోతుంది. నేనే అల్లుతాను."

ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. మోసపోయినందుకు ఒక మంట. తన వాననే తీసుకెళ్లి మరొకతె మీద కురిపిస్తున్నందుకు అంతకు రెట్టింపు మంట. కొత్త మాట కూడా దొరకలేదా ఈ దద్దమ్మకు!

మగ్గం ఒక్కో ముడిని విడివిడిగానే తనిఖీ చేస్తుంది. ఒక బస్సు ఆలస్యమైతే ఒప్పుకుంది. ఒక ఆటో మలుపు తప్పితే ఒప్పుకుంది. అన్నీ ఒకే చోటికి చేరుతున్నాయని దానికి పట్టలేదు. అతను వదిలేసిన ఇద్దరినీ పాత అల్లికల్లో వెతికి పట్టి, రత్నమాల అలా సిరిపురం దారి పట్టించింది. వాళ్ల చెప్పులతోపాటు తన చెప్పును కూడా అల్లికలో కలిపింది.

"సేతి నీడ కనబడిపోతాదే," పైడితల్లి గొంతు తగ్గించింది. "ఉజ్జోగం పోతాది. ఊరంతా మనల్ని నిలదీస్తాది."

"నిలదీయనీ."

సాయంత్రం అనుకున్నట్టే చినుకులు మొదలయ్యాయి. బస్టాపు కిక్కిరిసి ఉంది. పసుపు చుడీదార్ అమ్మాయి పక్కన సుధీంద్ర ఏమీ ఎరగనట్టు నిలబడ్డాడు. అతని వెనక, జనం మధ్య రత్నమాల ఉంది. అమ్మాయి చెప్పు ఫట్‌మని తెగింది. అతను సిద్ధంగా ఉంచుకున్న నవ్వు బయటికి తీసి, వంగి తన చెప్పులు విప్పాడు.

"ఒక కాలికి చెప్పు లేకపోతే కుంటు..."

వెనక ఫట్, ఫట్, ఫట్.

"రెండు కాళ్లకీ లేకపోతే భక్తి," అంది రత్నమాల గట్టిగా. ఆమె ముగించేలోపే మరో రెండు గొంతులు వాటంతటవే కలిశాయి.

సుధీంద్ర తిరిగి చూశాడు. ముగ్గురినీ గుర్తుపట్టాడు. "నువ్వు... నీటిశాఖలో కదా..."

"అవును. నువ్వు అడిగిన వాన నేనే కురిపించాను. ఈ చెప్పులు నేనే తెంపాను."

పసుపు చుడీదార్ అమ్మాయి తెగిన వారును చూసుకుంది, తర్వాత అతన్ని చూసింది. "అంటే, ఇదంతా మీరు అడిగి చేయించుకున్నారా?"

బస్టాపు మొత్తం చెవులు రిక్కించింది. బెంచీ మీది పెద్దావిడ మెల్లగా భర్త వైపు తిరిగింది. "ఏవండీ, ఆవేళ మన గొడుగు విరిగింది చూడండి... అది కూడానా?"

ఆయన బస్సు వచ్చే వైపే చూస్తూ ఉండిపోయాడు. ఆ ప్రశ్న ఒక గొడుగు కిందినుంచి ఇంకో గొడుగు కిందికి పాకింది.

సుధీంద్ర వట్టికాళ్లతో ఒక అడుగు వెనక్కి వేశాడు. నలుగురు ఆడవాళ్ల చేతుల్లో నాలుగు తెగిన చెప్పులున్నాయి.

"రండి," అంది రత్నమాల మిగతా ముగ్గురితో. "భక్తి చూపిద్దాం."