ఇనుపటోపీ లోపలి ముడి

మంచు పడే రోజుల్లో మా కొట్టుకు ఎవరూ రారు. మా ఆయన డ్యూలియో పోయాక పాత సైనికుల ఇనుపటోపీలు నేనే చూసుకుంటున్నాను. లోపలి తోలు కుట్టడం, ఏది ఏ కాలానిదో చెప్పడం నా పని. టోపీలతో బాగానే ఉంటాను. మనుషులు ఎదురైతేనే మాట పెగలదు.

ఆ సాయంత్రం వంతెన అవతలి నీవెస్ అక్క వచ్చింది. శాలువాలో చుట్టి ఒక టోపీ తెచ్చింది. ఆమె అల్లుడు సంతలో కొన్నాడట. లోపలి అంచు మీద మేకుతో గీసిన పేరు, తుల్లియో. రష్యా యుద్ధానికి వెళ్లి తిరిగిరాని ఆమె అన్న పేరు.

"యుద్ధకాలం నాటిదేనా చెప్పు ఎర్సీలియా. అదే అయితే తీసుకెళ్లి వాడి సమాధిలో పెట్టేస్తా. యాభై ఏళ్లుగా ఖాళీగా ఉంది. వాడొస్తాడని తలుపు గొళ్లెం పెట్టకుండా పడుకోవడం ఇక నావల్ల కాదు."

"చూస్తానక్కా."

"మీ ఆయనైతే గంటసేపు వాగేవాడు. నువ్వు నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా ఏంటి?"

టోపీ నా దగ్గర వదిలి నవ్వుకుంటూ వెళ్లిపోయింది. ఆ నవ్వు పోయాక కొట్టు మరీ బోసిపోయింది.

టోపీ పైన ముదురాకుపచ్చ. అది యుద్ధం అయ్యాక వేసిన రంగు. పాతవాటికీ అదే పూసి మళ్లీ వాడేవారు కాబట్టి పైరంగును నమ్మడానికి లేదు. కుంచె చేరని చోటు చూడాలి. లోపల తలకు ఆనే తోలు నాలుకలన్నీ నడినెత్తిన ఒక తాడుతో ముడిపడి ఉంటాయి. వాటి వెనకాల ఉంటుంది అసలు రంగు. ఆ ముడి సైనికుడు తన తలకు సరిపడా తానే వేసుకున్నది. దాన్ని మాత్రం విప్పొద్దని మా ఆయన అనేవాడు. ఈ పని చేసేవాళ్లెవరూ విప్పరు.

నీవెస్ అక్క కోసం విప్పాను.

నాలుకలు వెనక్కి మడిచాను. లోపల బూడిద కలిసిన పచ్చ. యుద్ధకాలం రంగే.

అప్పుడు వాసన తగిలింది. తడిసిన ఉన్ని... చెమట. ఇన్నేళ్ల తోలు ఎండి పెళుసెక్కి ఉండాలి. ఇది మెత్తగా ఉంది. తడిగా... వెచ్చగా. ఇప్పుడే ఎవరో తలమీంచి తీసినట్టు.

పొయ్యిలో కట్టెల చిటపట ఆగిపోయింది. పక్కనే ఊపిరి వినబడింది.

నాది కాదు.

ఫోన్ అందుకున్నాను. "అక్కా... అది ఆ కాలానిదే. సమాధిలో పెట్టెయ్."

"సమాధేంటే పిచ్చిమొహమా." చిన్నపిల్లలా గుసగుసలాడుతోంది నీవెస్ అక్క. "మావాడు వచ్చాడు. పొయ్యి దగ్గరే కూర్చున్నాడు. సంకటి పెడితే ముట్టలేదు."

"ఎవరక్కా..."

"ఎంత మంట వేసినా తల వెచ్చబడట్లేదట. నా ముడి ఎవరు విప్పారని ఒకటే అడుగుతున్నాడు. నీ పేరు చెప్పాను. ఇప్పుడే బయల్దేరాడు."

ఫోన్ వదిలేశాను. ముడి వేసెయ్యాలి... వాడు వంతెన దాటేలోపు. నాలుకలు దగ్గరికి తెచ్చి తాడు లాగాను. కలవడం లేదు. బలమంతా పెట్టి లాగాను. ఒక తల పట్టేంత మేర గుండ్రంగా ఆగిపోయాయి.

లోపలికి చూస్తూనే ఉన్నాను. ఏమీ లేదు. వేళ్లకు మాత్రం తడి వెంట్రుకలు తగులుతున్నాయి... మంచులా చల్లగా.