కళ్లకద్దుకోని రివాల్వర్

“రేపు పొద్దున మేజర్‌ని చంపబోతున్నారు,” అన్నాడు చీఫ్ ప్రభుదాస్.

రాంగోపాల్‌పేట్‌లో బట్టల దుకాణం పైగది. నిజాం సైన్యం లొంగిపోయాక వచ్చిన మొదటి చలికాలం. అంతకుముందు నిజాం కోసం విమానాల్లో తుపాకులు దించిన విదేశీ ముఠా గుట్టు మేజర్ ఒక్కరికే తెలుసు. రేపు సికింద్రాబాద్ పోలీసు లైన్లలో ఆయన ఎదుటే కొత్త రిక్రూట్లకు రివాల్వర్లు ఇస్తారు. ఆ రిక్రూట్లలో ఒకడు ముఠా మనిషి.

“ఎవడు సార్?” అడిగింది ఏజెంట్ దేవకృప.

“కనిపెట్టాల్సింది నువ్వే. మేజర్ స్టెనో మేబెల్ మన ఏజెంటే. సాయం చేస్తుంది. కోడ్ వర్డ్ యాలకులు. నీ డిస్‌గైజ్ చాయ్ అమ్మే మనిషి. మరి పిల్లాడు?”

ఆమె చంకలోని కొడుకుని సర్దుకుంది. “వదిలి వెళ్లే దిక్కు లేదు సార్.”

“మంచిదే. ఎవరూ అనుమానించరు.”

మర్నాడు పొద్దున దేవకృప కొడుకునెత్తుకుని చాయ్ కెటిల్‌తో వెళ్లేసరికి, మైదానంలో కంబళి మీద రివాల్వర్లు పరిచారు. అన్నీ ఖాళీవే. తూటాలు తర్వాత ఇస్తారు.

“చేతికి ఒదిగిందే తీస్కోండ్రి. సోకులకు పోకుండ్రి,” అన్నాడు ఆయుధాలు చూసే ఉస్తాద్ జాన్ సాహెబ్.

బిక్షం ఒకటి ఎంచుకుని కళ్లకద్దుకున్నాడు. చాంద్‌పాషా ముద్దుపెట్టి మరీ అద్దుకున్నాడు. అద్దుకోనివాడి దగ్గర ఉస్తాద్ ఆయుధం ఉండనివ్వడు.

సిల్కు గౌనులో మేబెల్ వచ్చింది. “చాయ్‌లో అల్లమా?”

“యాలకులు మేడమ్.”

“ఓ, స్వీట్ బేబీ!”

చేతులు చాచింది. దేవకృప నమ్మి పిల్లాణ్ణి ఇచ్చింది. మేబెల్ ఉంగరం మూత టిక్కుమని తెరుచుకుంది. లోపల తెల్లటి పొడి.

“సైనైడ్,” నవ్వుతూనే చెవిలో అంది మేబెల్. “నేను అటువైపు మనిషిని. మావాడెవడో తెలిసినా నోరెత్తకు. పళ్లొస్తున్నాయా వీడికి? ఏది దొరికితే అది కొరుకుతాడు కదూ?”

పిల్లాడు ఉంగరం కేసి చేయి చాపుతున్నాడు. దేవకృప కెటిల్ అడుగున పిస్తోలు ఉంది. ఏం లాభం? అరిస్తే కొడుకు పోతాడు. అరవకపోతే మేజర్ పోతాడు.

అప్పుడే కనిపించాడు. నిన్ననే చేరిన పొడుగాటి రిక్రూట్. కళ్లకద్దుకోలేదు. రివాల్వర్ని చటుక్కున విప్పాడు, బొటనవేలితో ఏదో లోపలికి నెట్టాడు, మూశాడు. తూటా! మేజర్ అటే నడిచి వస్తున్నారు.

ఇక ఆమెకు మిగిలింది చాయ్ మనిషి నోరొక్కటే. నవ్వు తెచ్చుకుంది.

“ఉస్తాద్! గా పొడుగాయన సూడు, అత్తగారింట్ల చాయ్ గిలాస తీస్కున్నట్టు తీస్కున్నడు. కండ్లకద్దుకోనేలే!”

రిక్రూట్లు ఘొల్లుమన్నారు. వట్టి ఎగతాళే అనుకుని మేబెల్ కూడా నవ్వింది. ఉస్తాద్ మాత్రం నవ్వలేదు.

“ఏందిర, గంత గరూరా, గంత పొగరా? తే ఇటు!” లాక్కున్నాడు. అలవాటుగా విప్పి చూశాడు. “యా అల్లా! ఖాళీ దాంట్ల తూటా యాడికెల్లి వచ్చె? పట్టుకోండ్రి వీన్ని!”

మేబెల్ అటు తిరిగింది. ఆ ఒక్క క్షణం చాలు. దేవకృప ఆమె మణికట్టు మెలితిప్పింది. ఉంగరం పిల్లాడి చిగుళ్లకు అంగుళం దూరంలో ఆగింది.

సాయంత్రం పైగదిలో చీఫ్ ముఖం వెలిగిపోతోంది. “శభాష్! నీకూ సర్వీస్ రివాల్వర్ శాంక్షన్ అయింది. ఏది కావాలో ఎంచుకో.”

కొడుకు దేవకృప భుజం కొరుకుతున్నాడు.

“రివాల్వర్ వద్దు సార్. వీణ్ణి గంటసేపు ఎత్తుకునే నమ్మకమైన మనిషినొకరిని ఇష్యూ చేయండి.”