ఆటలో యాభై నాలుగు నిమిషాలు

శనివారం ఉదయం 9:10.

ఓటీలియా కనబడకుండా పోయి పదిహేడు గంటలు దాటింది.

పోలండ్‌లోని బీతోమ్ పట్టణం. గని కార్మికుల కోసం ఎప్పుడో కట్టిన ఎర్ర ఇటుకల ఇల్లు. మూడో అంతస్తు. బయట మైనస్ పదకొండు డిగ్రీలు.

టేబుల్ మీద ఓ పాత ల్యాప్‌టాప్. సగం తాగిన టీ. ఓటీలియా ఫోన్. దాని పక్కన ఇన్సులిన్ పెన్ను.

గదిలో అందరి కళ్ళూ ఆ పెన్ను మీదే ఉన్నాయి.

"అది లేకుండా ఎంతసేపు ఉండగలదమ్మా?" అడిగాడు ఇన్‌స్పెక్టర్ అలోజీ.

ఎదురుగా కూర్చున్నది రొజాలియా. ఓటీలియా అక్క. జిల్లా ఆసుపత్రిలో నర్సు. రాత్రంతా ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి.

"నిన్న రాత్రి వేసుకోవాల్సింది వేసుకోలేదు. ఈ పొద్దుటిదీ లేదు. మధ్యాహ్నం దాకా అనుకోండి. ఆ తర్వాత..." పెన్ను చేతిలోకి తీసుకుంది. "నేను రోజూ చూసే కేసులే ఇవి. ఆ తర్వాత ఏమవుతుందో నన్ను చెప్పమనకండి. నాకు వేరే ఎవరూ లేరు ఇన్‌స్పెక్టర్ గారూ. అదొక్కతే."

అలోజీకి యాభై ఎనిమిదేళ్ళు. ముప్ఫై ఏళ్ళ సర్వీసు. అయినా భయం భయమే, యూనిఫారం వేసుకున్నా సరే.

"మళ్ళీ మొదటి నుంచి చెప్పు" అన్నాడు టెక్నీషియన్ మార్సెల్‌తో.

మార్సెల్ కుర్రాడు కాడు గానీ అలోజీ లెక్కలో కుర్రాడే. టాబ్లెట్ చూస్తూ గబగబా అప్పజెప్పాడు.

"ఓటీలియా పని గేమ్ టెస్టింగ్ సార్. ఆటలో తప్పులు పట్టుకోవడం. నిన్న మధ్యాహ్నం 3:02కి ఈ ల్యాప్‌టాప్‌లో ఆట మొదలుపెట్టింది. స్క్రీన్ ఫోటో తీసి అక్కకి పంపింది. అందులో ఆట గడియారం సున్నా దగ్గర ఉంది. రాత్రి మేం వచ్చేసరికి ఆట పాజ్‌లో ఉంది. గడియారంలో యాభై నాలుగు నిమిషాలు."

"అంటే 3:56కి లేచింది."

"అవును సార్. ల్యాప్‌టాప్ సొంత గడియారం పనికిరాదు. లోపలి బ్యాటరీ చచ్చిపోయింది. ఎప్పుడు తెరిచినా 2009 జనవరి ఒకటి అంటుంది."

"వీధి తలుపు?"

"ఎదుటి మందుల షాపు కెమెరాలో ఆమె బయటికి వెళ్ళినట్టు లేదు. పెరటి తలుపుకి కెమెరా లేదు. సరిగ్గా నాలుగింటికి పెరట్లో ఒక ఆకుపచ్చ వ్యాన్ ఆగింది."

"నేను చూశాను!" గుమ్మంలోంచి అరిచాడు తెయోఫిల్. ఈ బిల్డింగ్ కాపలాదారు. అలోజీతో కలిసి బడికి వెళ్ళినవాడు. "ఆకుపచ్చదిరా. వెనకాల అద్దాలు లేవు. రాత్రి నుంచి చెబుతూనే ఉన్నా కదరా అలోజీ!"

"చెప్పావులే. జిల్లా మొత్తం దాని వెనకాలే పరుగెడుతోంది."

కిటికీ దగ్గర ఐదో మనిషి నిలబడి ఉన్నాడు. క్సవేరీ. ముప్ఫై ఒక్క ఏళ్ళు. ఈ ఆట రాసిన ప్రోగ్రామర్. రాత్రి నుంచి ఇక్కడే ఉన్నాడు. చుట్టుపక్కల వీధులన్నీ వెతికాడు. పొద్దున్నే అందరికీ బ్రెడ్డు కూడా తెచ్చాడు. మంచి పిల్లాడని తెయోఫిల్ రెండుసార్లు అన్నాడు.

"మందుల షాపు కెమెరా ప్రకారం నువ్వు 4:15కి వచ్చావు" అన్నాడు అలోజీ.

"అవును సార్."

"5:05కి వెళ్ళావు."

"తలుపు కొట్టాను. పలకలేదు. బయట చలి కదా, మెట్ల మీదే కూర్చుని చూశాను. విసుగొచ్చి వెళ్ళిపోయాను." తల వంచుకున్నాడు. "ఇంకో ఇరవై నిమిషాలు ముందు వచ్చి ఉంటే దొరికేది సార్."

రొజాలియా వెక్కి వెక్కి ఏడ్చింది.

9:40. అలోజీ ఫోన్ మోగింది.

వ్యాన్ దొరికింది. డ్రైవరు దొరికాడు. వ్యాన్ నిండా బస్తాలు. బస్తాల నిండా పందెం పావురాల గింజలు. ఈ వీధిలో ముగ్గురికి అమ్మి, రసీదులిచ్చి, 4:20కి వేరే ఊళ్ళో ఉన్నాడు. ఓటీలియా ఎవరో వాడికి తెలియదు.

రాత్రంతా పట్టుకు వేళ్ళాడిన ఒకే ఒక్క దారం తెగిపోయింది. ఇప్పుడు ఎక్కడ వెతకాలో ఎవరికీ తెలియదు. మధ్యాహ్నానికి ఎన్ని గంటలుందో మాత్రం అందరికీ తెలుసు.

"దేవుడా..." అంది రొజాలియా. "ఇప్పుడెలా? ఏదో ఒకటి చెయ్యండి. కూర్చోకండి!"

అలోజీ కూర్చున్నాడు. ల్యాప్‌టాప్ ముందు.

"ఈ ఆట గురించి ఆ పిల్ల నీతో ఏమైనా అనేదా అమ్మా?"

"ఇప్పుడు ఆట గురించి ఎందుకండీ?"

"లేచే ముందు ఆమె చేసిన ఆఖరి పని ఇదే. చెప్పు."

రొజాలియా ముక్కు తుడుచుకుంది. "వారం నుంచి గొణుగుతూనే ఉంది. సోమవారం పబ్లిషర్ వాళ్ళతో సంతకాలు. పదిహేనేళ్ళ పాత మెషిన్ మీద కూడా ఆట పరుగెడుతుందని టెస్టర్ రాసివ్వాలట. ఇదేమో నత్త నడక నడుస్తోంది, నేనెలా రాసిస్తానే అక్కా అనేది. నిజం కానిదానికి దాని చెయ్యి కదలదు."

"నత్త నడకా?" అలోజీ మార్సెల్ వైపు తిరిగాడు. "నువ్వు ఆడి చూశావా?"

"రాత్రే చూశాను సార్. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని ఆఫీసులో ఆడించాను. ఆట గడియారాన్ని స్టాప్‌వాచ్ పెట్టి మరీ సరిచూశాను. నిమిషానికి నిమిషం. ఒక్క సెకను తేడా లేదు. ఆటకేం, పరుగులు పెడుతోంది."

"ఎక్కడ పరుగులు పెడుతోంది?"

"మా మెషిన్‌లో సార్."

"ఇందులో కాదు?"

మార్సెల్ ల్యాప్‌టాప్ వైపు చూశాడు.

కిటికీ దగ్గర క్సవేరీ కప్పు కింద పెట్టాడు. "సార్, దానివల్ల లాభం లేదు. టైమ్ వేస్ట్. నేను మళ్ళీ పార్కు వైపు వెళ్ళి చూసొస్తాను."

"ఆగవయ్యా. నీ ఆటే కదా, కాస్త నాక్కూడా నేర్పు."

ల్యాప్‌టాప్ లేవడానికే నాలుగు నిమిషాలు పట్టింది. లోపల ఫ్యాను గోల మొదలుపెట్టింది. తెర మీద గళ్ళు గళ్ళుగా ఒక బొగ్గు గని. చేతిలో దీపంతో చిన్న మనిషి. అలోజీ చిన్నప్పుడు జాతరలో నాణెం వేసి ఆడిన ఆటల్లాగే ఉంది. అయితే దీపం చుట్టూ నిజమైన వెలుగు, గోడల మీద కదిలే నీడలు, పొగ.

"పైకి పాత ఆట. లోపల మొత్తం కొత్త సరుకు" గొణిగాడు మార్సెల్. "ఆ నీడలకీ పొగకీ ఈ ముసలి ప్రాసెసర్ ఎక్కడ తట్టుకుంటుంది..."

చిన్న మనిషి కాలెత్తాడు. మోకాలి లోతు బురదలో ఉన్నట్టు, మెల్లగా, మరో అడుగు. కప్పు నుంచి నీటి చుక్క జారింది. అది కింద పడేదాకా చూసేవాళ్ళకి ఓపిక పోయింది.

తెర మూలన ఆట గడియారం.

అలోజీ చేతి వాచీ విప్పి తెర పక్కన పెట్టాడు. వాచీ ముల్లు ఒక చుట్టు పూర్తిగా తిరిగింది. అరవై సెకన్లు.

ఆట గడియారంలో ముప్ఫై.

"ఇంకోసారి" అన్నాడు.

మళ్ళీ అరవై. మళ్ళీ ముప్ఫై.



"మార్సెల్. ఇదేమిటో నాకు అర్థమయ్యేట్టు చెప్పు. తొందరగా."

మార్సెల్ వేలితో తెర చూపించాడు. "ఆట అంటే బొమ్మల వరస సార్. ఫ్రేములు. అరవై ఫ్రేములు వేస్తే ఒక సెకను అయిందని ఈ ఆట లెక్క. మా మెషిన్ సెకనుకి అరవై వేస్తుంది. అందుకే సరిపోయింది. ఇది ముప్ఫై కంటే వెయ్యలేదు. అది నిజం గడియారం కాదు సార్. ఫ్రేముల లెక్క. నేను... నేను దీంట్లో చూడనే లేదు. తప్పు నాదే."

"ఏడవడం తర్వాత. ముందు లెక్క కట్టు. యాభై నాలుగు నిమిషాలు ఎంతవుతాయి?"

"నూట ఎనిమిది."

"మూడూ రెండు నుంచి?"

"4:50."

అలోజీ కుర్చీలోంచి లేవలేదు. తల మాత్రం కిటికీ వైపు తిప్పాడు.

"4:15 నుంచి 5:05 దాకా ఈ బిల్డింగ్‌లోనే ఉన్నావు కదయ్యా. ఆ పిల్ల 4:50 దాకా ఈ కుర్చీలోనే ఉంది."

"నేను తలుపు కొట్టాను సార్. తీయలేదు. ఆటలో మునిగిపోయి ఉంటుంది. నాకేం తెలుసు?"

"ఒప్పుకున్నా. ఆటలో మునిగి తీయలేదు. సరే." అలోజీ గొంతు పెరగలేదు. "మరి రాత్రి పదింటికి ఇదే గదిలో మేం యాభై నాలుగు, యాభై నాలుగు అని తలలు బద్దలు కొట్టుకుంటుంటే నువ్వు ఇక్కడే ఉన్నావు. ఆ గడియారం రాసింది నువ్వు. ఈ మెషిన్‌లో అది సగమే నడుస్తుందని మన అయిదుగురిలో తెలిసినవాడివి నువ్వొక్కడివే. ఒక్క ముక్క అనలేదే? పైగా ఇరవై నిమిషాలు ముందు వచ్చుంటే దొరికేదని ఇప్పుడు కూడా అన్నావు."

క్సవేరీ తలుపు వైపు చూశాడు. తలుపులో తెయోఫిల్ ఉన్నాడు. గనిలో పాతికేళ్ళు చేసిన మనిషి. పక్కకి జరగలేదు.

రొజాలియా లేచింది. మెల్లగా నడిచి వెళ్ళి క్సవేరీ ఎదుట నిలబడింది. కొడుతుందనుకున్నారు. కొట్టలేదు. రెండు చేతులూ జోడించింది.

"ఎక్కడుందో చెప్పు బాబూ. నిన్నేమీ అనను. నీ కాళ్ళు పట్టుకుంటాను. ఎక్కడుంది?"

క్సవేరీ ఆమె చేతుల వైపు చూశాడు.

"సెల్లార్‌లో."

"సెల్లార్ రాత్రే చూశాం!" అరిచాడు తెయోఫిల్. "నా తాళాలతో నేనే తీసి చూపించా!"

"మీ సెల్లార్ కాదు. చివరిది. చెక్కలు కొట్టినది."

తెయోఫిల్ శిలువ గుర్తు వేసుకున్నాడు. ఆ చివరి గది కింద నేల కుంగి పదేళ్ళయింది. గని తవ్వి తవ్వి ఈ ఊళ్ళో సగం నేల డొల్ల. ఎవరూ పోకుండా చెక్కలు కొట్టింది తెయోఫిలే.

10:05. అందరూ మెట్లు దిగుతున్నారు. రొజాలియా చేతిలో ఇన్సులిన్ పెన్ను వేసిన మందుల సంచీ, ఒక దుప్పటి. వెనక మార్సెల్ క్సవేరీ జబ్బ పట్టుకుని దించుతున్నాడు. అంబులెన్సుకీ ఫైర్ వాళ్ళకీ ఫోన్లు వెళ్ళాయి. క్సవేరీ మాట్లాడుతూనే ఉన్నాడు. ఇప్పుడు ఆపమన్నా ఆగేలా లేడు.

"తలుపు తీసింది. నా ముందే ఆడింది. చూడు, నీ కళ్ళతో చూడు, సంతకం పెట్టమంటావా అంది. కింద ఇంకా పాత కంప్యూటర్ ఉంది, అందులో అయితే అసలు కదలదు, పద చూపిస్తా అంది. కోటు వేసుకుని దిగింది. కింద మాటా మాటా పెరిగింది. నేను ముట్టుకోలేదు సార్! నా మీద విసుక్కుని వెనక్కి అడుగేసింది. వెనక ఆ చెక్కలు. పుచ్చిపోయి ఉన్నాయి. లోపలికి పడిపోయింది."

"పడితే?"

"పిలిచాను. చాలాసార్లు పిలిచాను. చప్పుడు లేదు. చచ్చిపోయిందనుకున్నాను. భయమేసింది. చచ్చేంత భయమేసింది సార్."

"భయమేసి చెక్కలు మళ్ళీ పెట్టేశావు."



సెల్లార్‌లో బొగ్గు వాసన, తేమ. టార్చి వెలుగులో చివరి గది. చెక్కలు ఎవరూ కదపనట్టే చక్కగా ఆనించి ఉన్నాయి. తెయోఫిల్ వాటిని లాగి పారేశాడు. వెనక నల్లగా పెద్ద గొయ్యి. మూడు మీటర్ల లోతు.

"ఓటీ!"

రొజాలియా కేక గోడలకి కొట్టుకుని తిరిగొచ్చింది. ఇంకేమీ రాలేదు.

"ఓటీ! నేనే, అక్కని!"

టార్చి కిందకి తిరిగింది. రాళ్ళు. విరిగిన చెక్క. ఎర్ర కోటు. కదలిక లేదు.

తెయోఫిల్ నిచ్చెన దించేలోపే రొజాలియా కాలు పెట్టేసింది. అలోజీ ఆపబోయాడు. ఆవిడ వినలేదు. పైనున్నవాళ్ళకి ఆవిడ వీపు తప్ప ఏమీ కనబడలేదు. వంగింది. మెడ దగ్గర వేళ్ళు పెట్టింది. అలా ఉండిపోయింది.

అలోజీ టార్చి వెలుగు ఆమె చేతి మీదికి తిప్పాడు.

"ఉంది" అంది రొజాలియా. "నాడి ఉంది. చాలా నీరసంగా ఉంది. కాలు విరిగింది. అందివ్వండి, ఆ సంచీ అందివ్వండి, తొందరగా! దుప్పటి కూడా!"

తెయోఫిల్ గోడకి చేరగిలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు. మార్సెల్ ఏడుస్తూనే సంచీ అందించాడు.

కొన్ని నిమిషాలకి కింద నుంచి ఒక గొంతు వినబడింది. ఎండిపోయిన, పీలగా ఉన్న గొంతు.

"అక్కా."

"ఇక్కడే ఉన్నానే. మాట్లాడకు. వచ్చేస్తున్నారు."

"నిన్న పిలిచాడే వాడు."

"తెలుసే. చెప్పాడు. నీ చప్పుడు లేకపోయేసరికి భయపడ్డాడట."



"నేను పలికానే అక్కా" అంది ఓటీలియా. "కాలు విరిగింది, పైకి లాగు అన్నాను. విన్నాడు. సోమవారం సంతకాలు అయ్యేదాకా ఓర్చుకో అన్నాడు. అని చెక్కలు పెట్టేశాడు."



అలోజీ టార్చిని మెల్లగా పైకెత్తి క్సవేరీ ముఖం మీద వేశాడు. అతను కళ్ళు మూసుకున్నాడు.